సుప్రీంకోర్టు దుబాసి ఏనుగుల వీరాస్వామయ్య

వంశధార సముద్రములో కలియుచోట కళింగపట్నము ఉన్నది. 1876లో కట్టిన దీపస్తంభము అచ్చట నేటికిని నిలిచియున్నది. అది దారి చూపవలసిన వర్తకపు ఓడలు మాత్రము ఆ రేవునకు వచ్చుట మానివేసి చాలకాలమైనది. నదికి ఎగువన శాలిహుండము కొండమీద బౌద్ధస్తూపముల శిథిలములు కలవు. ఈ తీరమునుండి సముద్రము దాటి వెళ్ళినవారిని మలయాదేశమున క్లింగులని పిలిచిరి. అది మన కళింగ శబ్దమే. వెళ్ళినవారు ఉన్నారు, వచ్చినవారు ఉన్నారు. ఆ యిసుకలో నిలుచుండి సముద్రమువైపు చూచునపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెడిది. సరకును ఓడ మోసెను, మాటను మోసినవాడెవడు? ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ఈ యొడ్డున బేరమాడుకొన్నపుడు, ధర ఇంతయని, గడువు ఇంతయని, మాట తప్పిన ఇట్లగునని ఒకరికొకరు ఎట్లు తెలుపుకొనిరి?

ఆ మాటను మోసినవానికి మనవారు పెట్టిన పేరు దుబాసి. రెండు భాషలు తెలిసినవాడని దానికి అర్థము. గౌరవముగా పుట్టిన ఆ పదమునకు చెన్నపట్నపు వ్యవహారములో త్వరలోనే మచ్చ పడినది. దొరకు దేశభాష రాదు. నేతగానికి దొర భాష రాదు. నడుమ నిలిచినవాడు ఇటొక మాట, అటొక మాట చెప్పి తన సంచి నింపుకొనుట సులభము. అట్లు నింపుకొన్నవారు పెక్కుమంది. ఆ కాలముననే, ఆ వృత్తిలోనే ఉండి, ఇరుపక్షముల నమ్మకమును నిలుపుకొన్న తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన పుణ్యాత్మునిగా ఆయనను మనమెరుగుదుము. కాని యాత్ర ఆయన జీవితములో పదునైదు నెలల ముచ్చట. తక్కిన జీవితమంతయు ఒకరి మాటను మరొకరికి చేర్చుటలో గడచినది. ఆ వృత్తిని ముందుంచుకొని ఆయన చరిత్రను ఒకసారి తలచుకొనుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున చెన్నపట్నమున తెలుగు బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. తండ్రి పేరు సామయమంత్రి. తొమ్మిదవ యేటనే తండ్రిని పోగొట్టుకొనిరి. ఆస్తి తక్కువ, ఆధారము తక్కువ అయిన ఇంటిలోని పిల్లవానికి ఆ నాటి చెన్నపట్నములో తెరచియున్న ద్వారము ఒక్కటే: ఇంగ్లీషు. పండ్రెండేండ్లు నిండునప్పటికి ఆయన ఆ భాషను ధారాళముగా చదువ నేర్చి, కంపెనీవారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కచేరీలో జీతములేని వాలంటీరుగా ప్రవేశించిరి. అక్షరములు దిద్దవలసిన వయస్సులో ఒక బాలుడు సముద్రముల మీదుగా సాగు వర్తకపు లెక్కల నడుమ కూర్చుండెను.

ఆ కచేరీ ఎట్టిదో తెలిసికొననిదే ఈ బాలుడు నేర్చిన దేమో తెలియదు. ఇంగ్లీషు కంపెనీకి విశాఖపట్టణమున 1682లోనే కోఠీ ఏర్పడినది. 1765-66 సంవత్సరములలో ఉత్తర సర్కారులు దాని చేతికి వచ్చినవి. మన తీరమునుండి వారికి ముఖ్యముగా కావలసినది నూలు గుడ్డ. శ్రీకాకుళపు సన్నని బట్టలు, పొందూరు నూలు ఈనాటికిని మాటవరుసలో నిలిచియున్నవి. విలాయతినుండి ఇన్ని గుడ్డలు, ఇంత పొడవు, ఇంత వెడల్పు అని ఉత్తరువు వచ్చును. కోఠీలో మచ్చు గుడ్డ ఉండును. గుమాస్తా గ్రామములకు పోయి నేతగానికి బయానా ఇచ్చును. నేతగాడు నేసి తెచ్చిన గుడ్డను మచ్చుతో పోల్చి మొదటి తరగతియనియు, రెండవదనియు, పనికిరానిదనియు ఏరుదురు. తరగతి దిగినచో ధర దిగును. బయానా అప్పుగా మిగులును. ఈ పనియంతయు మాటలమీద నడచినది. మచ్చు ఒక్కటే అయినను, చిక్కని నేత అన్న మాట దొర మనస్సులో ఒకటి, నేతగాని మనస్సులో మరొకటి. ఆ రెంటి నడుమ దూరము ఎంతయో అంత నష్టము ఎవరో ఒకరు భరింపవలెను. తరచుగా భరించినవాడు మగ్గము గుంటలో కూర్చున్నవాడే.

భాషలు వేరగుట ఒక చిక్కు. ఒకే మాటకు రెండు కొలతలుండుట అంతకంటె పెద్ద చిక్కు. మణుగన్న మాటను చూడుడు. చెన్నపట్నపు మణుగు ఎనిమిది వీసెలు, ఇంగ్లీషు తూకమున 25 పౌన్లు. బంగాళమునందు బజారు మణుగు సుమారు 82 పౌన్లు. ఒకే కంపెనీ, ఒకే పదము, మూడింతలకు మించిన భేదము! నాణెములును అట్టివే. చెన్నపట్నములో లెక్క వరహాలు, ఫణములు, కాసులలో నడచెడిది. ఫణమునకు కాసులు 80. కలకత్తాలో లెక్క రూపాయిలలో. 1818లో గాని చెన్నరాజధానిలో వెండి రూపాయి ప్రమాణము కాలేదు. కనుక ఉత్తరమును ఒక భాషనుండి మరొక భాషలోనికి దించుట చాలదు. తూకమును, నాణెమును, గడువును, మర్యాదను కూడ దింపవలెను. మణుగును మణుగనియే వ్రాసిన లేఖకుడు తప్పు వ్రాయలేదు; అయినను వర్తకుని నిలువున ముంచెను. వీరాస్వామయ్యగారికి కడవరకు నిలిచిన ఒక గుణము, తూకములను, ధరలను, దూరములను ఊరూరికి విడివిడిగా గుర్తించు గుణము, ఈ వర్తకపు కచేరీలోనే అలవడి యుండవలెను.

ఆయన ఆ కచేరీలో అడుగిడిన నాటికే దుబాసి వృత్తిలోని చీకటి వైపు చెన్నపట్నమునకు బట్టబయలైనది. అవధానము పాపయ్య అను దుబాసి గవర్నరు హాలండుకును ఆయన సోదరునికిని చేరువయై నగరమును శాసించినంత పని చేసెను. హాలిబర్టన్ అను కంపెనీ ఉద్యోగిపై కుట్ర పన్నినట్లు అతనిపై అభియోగము వచ్చి, 1792లో విచారణ జరిగి, శిక్ష పడినది. ఆ కథ విలాయతి వరకు పాకినది. సర్ వాల్టర్ స్కాట్ తన నవలయొకదానిలో పాపయ్య పేరి దుబాసిని పాత్రగా పెట్టెను. ఒకే యేట, ఒకే నగరములో, ఒక తెలుగు దుబాసి న్యాయస్థానములో దోషిగా నిలిచెను. పండ్రెండేండ్ల మరియొక తెలుగు బాలుడు ఆ వృత్తికి ఓనమాలు దిద్దుచుండెను. నగరమంతయు చెప్పుకొన్న ఆ కథ ఆ బాలుని చెవిని పడకుండునా?

పిదప వీరాస్వామయ్యగారు ఇంగ్లీషు వర్తకుల సంస్థలలో లెక్కలు చూచు ఉద్యోగములు చేసి, తుదకు చెన్నపట్నపు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు, అనగా ప్రధాన దుబాసి, పదవికి వచ్చిరి. ఆ కోర్టు 1801లో ఏర్పడినది. న్యాయమూర్తులు ఇంగ్లండునుండి వచ్చినవారు. వాదించు బారిష్టర్లును అచ్చటివారే. వాది, ప్రతివాది, సాక్షి మాత్రము చాలవరకు ఈ దేశమువారు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు, సంస్కృతము ఎరిగిన వీరాస్వామయ్యగారు ఆ రెండు లోకముల నడుమ నిలిచిరి.

ఆ పని ఎంత కఠినమో ఊహింపుడు. మన వ్యవహారములో కుదువ వేరు, భోగ్యము వేరు. భూమిని పరుల స్వాధీనము చేసి, పంటను వడ్డీక్రింద అనుభవింపనిచ్చుట ఒక పద్ధతి. స్వాధీనము తనయొద్దనే ఉంచుకొని వ్రాతమూలముగా అప్పు తెచ్చుట ఒక పద్ధతి. రెంటికిని ఇంగ్లీషులో మార్టుగేజీ అనివేసినచో, అనుభవించినదెవడో తేలక వ్యాజ్యము తలక్రిందులగును. స్త్రీధనము, దాయభాగము, మిరాసి అను మాటలకు సరియైన ఇంగ్లీషు పదములే లేవు. ఒక్కొక్కదానికి ఒక చిన్న ఉపన్యాసము చెప్పవలెను. మర్యాదల సంగతి సరేసరి. మనవాడు చూతములెండి అన్నచో పెక్కుసార్లు అది కాదనుటకే మెత్తని రూపము. దానిని పరదేశి అంగీకారమని తలచును. పెద్దలయెదుట సాక్షి తలవంచి మౌనము వహించుట మనకు వినయము. పరదేశపు న్యాయాధిపతికి అది అపరాధపు గుర్తుగా తోపవచ్చును. ప్రమాణము చేయించుటయందును చిక్కులే. గంగాజలము, తులసి ముట్టి ఒట్టు వేయుట పాపమని వెనుదీయు సత్యసంధులు ఎందరో యుండిరి. ఒట్టునకు భయపడినవాడు అబద్ధమునకు భయపడినట్లు పరదేశి పొరబడుట సహజము. హిందువులకు, ముసల్మానులకు ఒట్టునకు మారుగా ప్రతిజ్ఞావాక్యము చాలునని 1840లో గాని చట్టము రాలేదు.

ఇట్టి చోట దుబాసికి రెండు ప్రలోభములు కలవు. ఒకటి లంచము, అందరెరిగినదే. రెండవది అంతకంటె సూక్ష్మమైనది: సాయము చేయవలెనను కోరిక. సాక్షి తడబడినపుడు వాని మాటను చక్కదిద్ది అందముగా చెప్పుట, దొర కసరినపుడు ఆ కసరును మెత్తజేసి వినిపించుట. దయతో చేసినను అదియు అన్యాయమే. పలికినవాని మాట పలికినట్లు చేరవలెను; చేరినపిదప అర్థము కానిచోట వివరము వేరుగా చెప్పవలెను. మాట వేరు, వివరము వేరు అను ఈ విచక్షణయే ఆ వృత్తికి ప్రాణము. మనిషి ఇల్లు, పరువు, ఒక్కొక్కప్పుడు తలకాయయు ఆ విచక్షణమీద ఆధారపడి యుండెను. వీరాస్వామయ్యగారు అట్టి స్థానమున ఉండి, స్వదేశీయుల ఆదరమును, న్యాయమూర్తుల మన్ననను ఏకకాలమున పొందిరి. ఆచారమును విడిచి దొరల మెప్పు పొందినవారు కారు. స్నానసంధ్యలు, వ్రతనియమములు తప్పని శ్రోత్రియజీవితము గడపుచునే ఆ కొలువు చేసిరి.

1830 మే 18న ఆయన కోర్టునుండి సెలవు పొంది, తల్లిని భార్యను వెంటబెట్టుకొని, పరివారముతో కలిసి సుమారు నూర్గురుగా, కాశీయాత్రకు బయలుదేరిరి. రైలు లేని కాలము. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బల్పూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథము, ఇట్లు భరతఖండమును చుట్టి వచ్చిరి. దారిపొడుగున చూచినది చూచినట్లు మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపుచుండిరి.

ఇంతవరకు పరదేశీయులకు తన దేశమును తెలిపినవాడు ఇప్పుడు తానే పరదేశియైనాడు. నైజాము రాజ్యములోనికి పోయిన నాణెము మారును. నర్మద దాటిన మాట మారును. నూర్గురికి బియ్యము, పప్పు, కట్టెలు ప్రతిదినము కావలెను. తెలియనివానిని మోసగించుట అంగడివానికి ఎచ్చటనైనను సులభమే. ఆయన ఏమి చేసెను? బోర్డ్ ఆఫ్ ట్రేడ్ బాలుడు చేసినదే చేసెను. మజిలీకి మజిలీకి దూరమెంత, నీరెట్టిది, అంగళ్ళున్నవా, ఏ పదార్థము దొరకును, ఏ రూపాయి చెల్లును, ఏ కులమువారు ఏమి తిందురు, ఏ ప్రాంతమున ఏ మాట వాడుదురు, అన్నియు గుర్తు పెట్టెను. తన ఆచారమునకు భిన్నమైనది కనబడినపుడు వెక్కిరింపక, అచ్చట అట్లేల యున్నదని విచారించుట ఆయన స్వభావము. ఈ దేశమునందంతట కంపెనీ నాణెము ఒక్కటిగా చేయబడినది 1835లో. అంతకు నాలుగైదేండ్లు ముందు వెళ్ళినవానికి పుస్తకములో వ్రాసికొన్న మారకపు లెక్కయే రక్ష.

1831లో తిరుగు ప్రయాణమున జగన్నాథమునుండి గంజాము మీదుగా ఆయన మన సీమకు వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల మీదుగా బాట సాగినది. కళింగపట్నము ఆ బాటకు తూర్పున, సముద్రపు టొడ్డున. ఒకసారి ఆ క్షణమును తలచుకొందును. ఏడాదిగా హిందుస్థానీ, బంగాళీ, ఓఢ్ర భాషలు చెవిని పడుచుండగా తిరిగినవాడు, ఓఢ్రమును తెలుగును కలిసిపోవు ఈ సరిహద్దులో మరల తల్లిభాష వినెను. ఆ తెలుగైనను చెన్నపట్నపు తెలుగు కాదు. మన కళింగాంధ్రపు యాస, పలుకుబడి వేరు. సొంత భాషలోనే వినవలసిన వినికిడి మరియొకటి కలదని ఆ ప్రయాణికునకు మన ఊళ్ళు గుర్తుచేసియుండును. ఆ సంవత్సరము సెప్టెంబరు 3న ఆయన చెన్నపట్నము చేరిరి.

కాశీయాత్ర చరిత్రలోని భాషను చూచినచో వృత్తి ఆయన కలములో ఎంత ఇంకినదో తెలియును. ప్రబంధపు పోకడలు లేవు. కచేరీలో, సంతలో, పల్లకి మోయు బోయల నడుమ నలిగిన తెలుగు అది. హిందుస్థానీ మాట, ఇంగ్లీషు మాట అవసరమైనచోట జంకులేక వచ్చి కూర్చుండును. వినువానికి తెలియవలెనను తపన తప్ప తన పాండిత్యము కనబడవలెనను కోరిక ఆ వాక్యములలో లేదు. ఇట్టి వాడుకభాషకై ఇరువదవ శతాబ్దములో పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారు ఈ వంశధార తీరపు పర్వతాలపేటలోనే 1863లో పుట్టిరి. వ్యాకరణము బోధించి జీవించు నావంటివారికి ఈ దుబాసి వచనము ఒక హెచ్చరిక వంటిది.

తిరిగివచ్చినపిదప ఆయన మరల కొలువులో చేరి, 1835లో విరమించిరి. చెన్నపట్నమున దేశీయులలో విద్యావ్యాప్తికై ఏర్పడిన హిందూ లిటరరీ సొసైటీలో శ్రీనివాసపిళ్ళ మొదలగు మిత్రులతో కలసి పనిచేసిరి. అడ్వొకేట్ జనరల్ జార్జి నార్టన్ ఆ సంఘమునకు ఆప్తుడు. 1836లో వీరాస్వామయ్యగారు కీర్తిశేషులైరి. రెండేండ్లకు, 1838లో, శ్రీనివాసపిళ్ళగారు ఆ లేఖలను గ్రంథముగా అచ్చువేయించి మిత్రఋణము తీర్చుకొనిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి. 1973లో ఇంగ్లీషు అనువాదమును వెలువడినది. మాటను ఇంగ్లీషునకు మోసినవాని మాట, నూట ముప్పదియేండ్లు దాటిన పిదప, అట్లు ఇంగ్లీషునకు చేరినది.

ఆయనను పొగడునపుడు ఒక నిజమును దాచరాదు. ఆయన కొలిచినది కంపెనీని. ఆ పాలనలోని క్రమమును ఆయన మెచ్చుకొనిరి. ఆయన జీవితకాలములోనే కంపెనీ వర్తకుడు పూర్తిగా ప్రభువైనాడు. 1813లో హిందూదేశపు వర్తకముపై దాని గుత్తహక్కు పోయినది. యంత్రపు గుడ్డ విలాయతినుండి వచ్చి మన మగ్గములను అణచినది. దుబాసి ఎంత నిజాయితీగా మాటను చేర్చినను, బేరమాడు ఇద్దరి బలము సమానము కానపుడు ఆ మాట న్యాయమును తేజాలదు. నేతగాని కష్టమును పొల్లుపోక ఇంగ్లీషులో చెప్పగల వాడుండుట ఒక సంగతి; విని ధర పెంచు దొర ఉండుట మరియొక సంగతి. అంతమాత్రమున వీరాస్వామయ్యగారి నిజాయితీ తక్కువ కాదు. ఆ రెండవది లేనిచోట మొదటిదైన ఉండవలెను. లేనిచో బలహీనునకు ఫిర్యాదు చెప్పుకొను దారియు మూసికొనిపోవును. కంపెనీవారును ఈ సంగతిని కొంత గ్రహింపక పోలేదు. తమ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు 1812లో చెన్నపట్నమున కాలేజి పెట్టిరి. ఆ తరములోనివాడే మన బ్రౌనుదొర. అటువైపునుండి ఒకడు తెలుగు నేర్చుటకు వచ్చుచుండగా, ఇటువైపునుండి ఇంగ్లీషు నేర్చి యెదురేగినవాడు వీరాస్వామయ్యగారు.

నేడు మన జిల్లా యువకులు కూలికిని, కొలువునకును, వర్తకమునకును ఎన్ని దేశములకో పోవుచున్నారు. కాగితము చదువక సంతకము చేసి చిక్కుపడినవారి కథలు మన గ్రామములలో కొరతలేదు. అర్థమైనదా అని అడిగినపుడు, కాలేదనుట అవమానమని తలయూచివచ్చినవారును ఉన్నారు. పరదేశమున వ్యాపారము పెట్టువారు అచ్చటి మార్కెటును, చట్టమును విచారింతురు. అచ్చట చూతములెండి అన్న మాటకు అర్థమేమో విచారించువారు తక్కువ. అట్టివారికి నేను పెద్ద గ్రంథములను చూపను. తండ్రిలేని ఒక పిల్లవాడు రెండు భాషలను, రెండు మణుగులను విడదీసి చూచుట నేర్చుకొని, ఒక జీవితకాలము ఎవరి మాటను కల్తీ చేయక చేరవేసిన ఈ చరిత్రను చూపుదును.

కళింగపట్నపు దీపస్తంభము రాత్రి వెలుగుచునే యుండును. రేవు మూతపడినను, దూరమున పోవు ఓడకు ఒడ్డు ఎచ్చటనో తెలుపుట దాని పని. రెండు తీరముల నడుమ నిలిచి తన పని తాను చేసిపోయిన ఆ దుబాసికి, ఆయన బాట నడచిన ఈ సీమనుండి ఒక నమస్కారము.